గుర్తింపు లేని జబ్బులు

వీర్రాజు కాల్లో దిగిన ముల్లు సంగతి వీర్రాజుకే తెలియదు. వాళ్లావిడ పళ్లాలమ్మ చూసింది. సాయంత్రం పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మడమ పక్కన రూపాయి బిళ్లంత పుండు కనిపించింది. దాని మధ్యలో నల్లగా ఈతముల్లు మొన. ఎప్పుడు గుచ్చుకుందో ఏమో. “నొప్పి లేదు కదే” అన్నాడు వీర్రాజు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి, కాళ్లమీద బతికే మనిషి, పుండు చూపిస్తే నొప్పి లేదంటున్నాడు. ఆ మాటకే ఆవిడకి భయం వేసింది. తెల్లారగానే చెయ్యి పట్టుకుని గరువుపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చింది.

ఆ కేంద్రంలో నేను ఫార్మసిస్టుని. పేరు కామేశం. ఇరవై రెండేళ్లుగా ఒకే కిటికీలోంచి మందులిస్తున్నాను. మా డాక్టరు మౌక్తిక గారు చేరి ఇంకా ఏడాది కాలేదు. చిన్న మనిషి, ముఖానికి మించిన కళ్లజోడు, ఎవరు ఏం చెప్పినా పూర్తయ్యేదాకా వినే అలవాటు. ఆ అలవాటు వల్ల మధ్యాహ్నం భోజనం ఏనాడూ వేళకి చెయ్యలేదు.

“దాహం ఎక్కువగా ఉంటోందా?” అని అడిగారు.

“బిందెడు తాగుతాడండి,” అంది పళ్లాలమ్మ. “తాగినంతా పోసేత్తాడు. ఒళ్లు సూడండి, సొక్కా వదులైపోయింది.”

డాక్టరు గారు సన్నటి నైలాను దారం తీసుకుని వీర్రాజు అరికాలి మీద అక్కడా ఇక్కడా తాకించారు. “తగులుతోందా?”

“ఏదండీ?” అన్నాడు వీర్రాజు.

నర్సు ఎస్తేరమ్మ గారు వేలి చివర పొడిచి రక్తం చుక్క తీశారు. మీటరు మూడు వందల ఎనభై చూపించింది.

“మీకు సుగరు ఉందండీ,” అన్నారు డాక్టరు గారు. “నాలుగైదేళ్లుగా ఉండి ఉంటుంది. అందుకే కాలికి స్పర్శ పోయింది. భయపడకండి. బిళ్లలు వేసుకుని, పుండుకి రోజూ కట్టు కట్టించుకుంటే మానుతుంది. సుగరు తగ్గకపోతే మాత్రం మానదు. ఇవాళ్టినుంచే మొదలు పెడదాం.”

ఏడు నిమిషాలు పట్టింది. చీటీ నా కిటికీకి వచ్చింది. నేను బిళ్లల అట్ట తీసి పళ్లాలమ్మ చేతిలో పెట్టబోతున్నాను. మధ్యలోకి ఇంకో చెయ్యి వచ్చింది. ఉంగరాలున్న చెయ్యి.

“ఆగండి,” అంది ఒక గొంతు. “ఈ మందు ఏ వ్యాధికి? ఆ వ్యాధికి గుర్తింపు ఉన్నదా?”

ఆయన జిల్లా ప్రత్యేకాధికారి పరాంకుశరావు గారు. ఆ పదవిలో చేరి నాలుగు రోజులైంది. వెనకాల ఒక గుమస్తా, గుమస్తా చేతుల్లో గడ్డం దాకా ఫైళ్లు.

డాక్టరు గారి గదిలో నిలబడి ఆయన ఒక ఉత్తర్వు చదివి వినిపించారు. “ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో సాధారణ వ్యాధుల గుర్తింపు మరియు నిర్వహణ కార్యక్రమమును తక్షణము అమలుపరచవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.” కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “డాక్టరమ్మా, మీ కేంద్రంలో గుర్తింపు లేకుండా ఎన్ని వ్యాధులు నడుస్తున్నాయి?” అని అడిగారు.

డాక్టరు గారికి అర్థం కాలేదు. “గుర్తింపు అంటే ఇక్కడ పోల్చుకోవడం అండీ. రోగికి ఏం జబ్బో కనిపెట్టడం.”

పరాంకుశరావు గారు చాలా జాలిగా నవ్వారు. “నేను ఇరవై ఎనిమిదేళ్లు ప్రైవేటు పాఠశాలల గుర్తింపు విభాగంలో పనిచేసి డెప్యుటేషను మీద వచ్చాను. గుర్తింపు అంటే ఏమిటో నాకు చెప్పకండి. దరఖాస్తు, తనిఖీ, ధ్రువపత్రం. ఇవి లేనిదే ఈ జిల్లాలో ఒక్క ఒకటో తరగతి కూడా నడవనివ్వలేదు. జ్వరాలు ఎలా నడవనిస్తాను?”

“మరి రోగులు, సార్?”

“గుర్తింపు లేని బడికి మధ్యాహ్న భోజనం పెడతామా? పెట్టం. పెడితే ప్రోత్సహించినట్టు. గుర్తింపు లేని వ్యాధికి మందులివ్వడమూ అంతే.”

కాన్పులు, టీకాలు, దెబ్బలు, పాముకాట్లు వేరే విభాగాల కిందికి వస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. మిగిలిన జబ్బులన్నీ ఆ నిమిషంనుంచి అనధికారమైపోయాయి. గుర్తింపు సంఖ్య లేని చీటీకి మందు అమ్మరాదని జిల్లాలో ఉన్న మందుల షాపులన్నిటికీ నోటీసులు అప్పటికే వెళ్లాయట. నా చేతిలో బిళ్లల అట్ట తీసి గుమస్తా ఒక కవర్లో పెట్టి లక్క ముద్ర వేశాడు.

పళ్లాలమ్మ ఇదంతా వరండాలోంచి వింది. “ఏటండీ, మాయాయన జబ్బుకి రేషను కార్డు కావాలంటన్నారా?” అని నన్ను అడిగింది.

“అలాంటిదేనమ్మా,” అన్నాను.

పుండు మాత్రం దెబ్బల కిందికి వస్తుందని ఎస్తేరమ్మ గారు పట్టుబట్టారు. ముల్లు తీశారు, కట్టు కట్టారు, రోజూ రమ్మన్నారు. పుండు ఒక విభాగం, దాన్ని మాననివ్వని సుగరు ఇంకో విభాగం.

మర్నాడు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో వ్యాధికి పద్నాలుగు పేజీలు. పాఠశాలల ఫారాలే. ‘పాఠశాల’ అన్న చోటల్లా కొట్టేసి ‘వ్యాధి’ అని రబ్బరు స్టాంపు వేశారు. డాక్టరు గారు మొదటి పేజీ చూసి కలం కింద పెట్టేశారు. “నేను ఐదున్నరేళ్లు చదివింది ఇందుకా ఎస్తేరమ్మ గారూ?” అన్నారు. డాక్టరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీర్రాజు కాలు ఆవిడ బుర్రలోంచి పోవడం లేదు.

“ఇటియ్యండమ్మా,” అన్నారు ఎస్తేరమ్మ గారు. ముప్పై ఏళ్ల సర్వీసు, నలుగురు డాక్టర్లని చూసిన మనిషి. “ఫారాలు నాకొదిలెయ్యండి.”

మలేరియా జ్వరం దరఖాస్తులో వ్యవస్థాపకుల పేరు అన్న చోట ‘దోమ’ అని రాశారు. ఆటస్థలం ఉన్నదా అంటే ‘మురుగు కాలవ, విశాలమైనది’ అన్నారు. దగ్గు ఏ మాధ్యమంలో నడుచును అంటే ‘గాలి మాధ్యమం’. నీళ్ల విరేచనాలకి రవాణా సౌకర్యం ‘పంచాయతీ కుళాయి’. గజ్జి దరఖాస్తులో కొత్త ప్రవేశాలు ఎట్లు జరుగును అన్న ప్రశ్నకి ‘ఒకే దుప్పటి కప్పుకొనుట ద్వారా’ అని స్పష్టంగా రాశారు.

పరాంకుశరావు గారు ఆ జవాబులు చదివి ముగ్ధులైపోయారు. “ఇంత నిజాయితీగా నింపిన దరఖాస్తులు నా సర్వీసులో చూడలేదు,” అన్నారు. మురుగు కాలవ పూడ్చమని, కుళాయి బాగు చెయ్యమని మాత్రం ఎవరికీ రాయలేదు. ఆటస్థలం పూడిస్తే గుర్తింపు పోతుంది.

ప్రతి వ్యాధికీ ఒక కరస్పాండెంటు ఉండాలన్నారు. వ్యాధి తరఫున సంతకం పెట్టడానికి, అధికారులు వస్తే ఎదురెళ్లడానికి. ఎక్కువ కాలంగా ఆ వ్యాధి ఉన్నవాళ్లు అర్హులు. ఊళ్లో పెద్ద కదలిక వచ్చింది. బీపీకి కరస్పాండెంటుగా మాజీ సర్పంచి భద్రయ్య గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. పదేళ్ల క్రితం పదవి పోయాక ఆయన్ని ఎవరూ పిలిచి కుర్చీ వేసింది లేదు. ఇంటి ముందు ‘భద్రయ్య, కరస్పాండెంటు, రక్తపోటు’ అని బోర్డు పెట్టించుకున్నారు. జ్వరానికి టైలరు మంగతాయారు. సుగరుకి ఎవరూ ముందుకు రాలేదు. పళ్లాలమ్మే మొగుడి చేత వేలిముద్ర వేయించింది.

“ఈ సంతకంతో బిళ్లలిచ్చేత్తారాండీ?” అని అడిగింది.

“తనిఖీ అయ్యాక,” అన్నాను. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

తనిఖీకి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. ముందు జ్వరం. పదకొండు గంటలకి కమిటీ వచ్చేసరికి మంగతాయారుకి చెమట పట్టి జ్వరం దిగిపోయింది. ‘తనిఖీ సమయమున దరఖాస్తుదారు స్థలములో లేరు’ అని రాసుకున్నారు. అది రోజు విడిచి రోజు వచ్చే జ్వరమని డాక్టరు గారు చెప్పారు. “అంటే హాజరు యాభై శాతం,” అన్నారు పరాంకుశరావు గారు. “డెబ్బై ఐదు శాతం లేనిదే కుదరదు.” ఎలాగో బతిమాలి, ఒక రోజు ఆగి, మళ్లీ జ్వరం వచ్చే రోజు మిట్టమధ్యాహ్నం, ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకుని గజగజా వణుకుతుండగా మళ్లీ తనిఖీ చేయించాం. వణుకు చూసి కమిటీ సంతృప్తి వ్యక్తం చేసింది. తాత్కాలిక గుర్తింపు మంజూరైంది.

దగ్గు తరఫున చుట్టలు కాల్చే సూరన్న తాత హాజరయ్యాడు. మూడు నిమిషాల పాటు ఆపకుండా దగ్గి, కమిటీ కోరిక మీద మళ్లీ దగ్గాడు. ‘క్రమశిక్షణ బాగున్నది’ అని రాశారు. ఆ కళ్లె ఒకసారి పరీక్షకి పంపాలని డాక్టరు గారు అంటే, ఇది ప్రతిభ పరిశీలించే సందర్భమని ఆపేశారు. ఎస్తేరమ్మ గారు ఊరుకోలేదు. తాతని దొడ్డివైపుకి పిలిచి డబ్బాలో కళ్లె పట్టి, టీకాలు తెచ్చే జీపులో గుట్టుగా పరీక్షకి పంపేశారు. గజ్జిని చూడటానికి వెళ్లిన సభ్యులు వారం తిరిగేసరికి తమంతట తామే ధ్రువీకరించారు. ముగ్గురూ గోక్కుంటూ సంతకాలు పెట్టారు.

బీపీ దగ్గర చిక్కొచ్చింది. భద్రయ్య గారు ఇస్త్రీ పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కమిటీ గంటసేపు ఆయన వంక చూసింది. ఏమీ జరగలేదు.

“వ్యాధి ఎక్కడుందండీ?” అన్నారు పరాంకుశరావు గారు.

“లోపలుందండి,” అన్నారు భద్రయ్య గారు.

“మాకు కనబడటం లేదు. వినబడటం లేదు. మీరు బోగస్ వ్యాధి చూపించి గుర్తింపు పొందాలనుకుంటున్నారని ఎందుకు భావించరాదు?”

“నాది బోగసా?” అని భద్రయ్య గారు లేచి నిలబడ్డారు. మెడ నరాలు ఉబ్బాయి. “ఈ ఊరికి రెండుసార్లు సర్పంచిగా చేసినోణ్ణి! నా బీపీ బోగసా?” డాక్టరు గారు గభాలున పట్టీ చుట్టి చూస్తే రెండు వందలు దాటింది. కమిటీ చప్పట్లు కొట్టింది. అక్కడికక్కడే శాశ్వత గుర్తింపు. ధ్రువపత్రం అద్దాల ఫ్రేములో పెట్టి మెళ్లో పూలదండ వేశారు. ఆ సంబరంలో బీపీ ఇంకో పది పెరిగింది.

సుగరు దరఖాస్తుని చూసి కమిటీ ముఖాలు చిట్లించింది. పేరులో పంచదార ఉంది కనుక ఇది తమ పరిధిలోది కాకపోవచ్చని, ఫైలుని చెరకు విభాగానికి పంపారు. చెరకు విభాగం నాలుగు రోజుల్లో బదులు రాసింది. ‘సదరు వీర్రాజు ఏటా ఎన్ని టన్నులు ఉత్పత్తి చేయుచున్నదీ, క్రషింగు ఎప్పుడు ప్రారంభించునదీ తెలియజేయవలెను.’

పళ్లాలమ్మకి ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను. “మాకు సెంటు పొలం లేదండీ,” అంది ఆవిడ.

ఇంతలో జ్వరం కొత్త తలనొప్పి తెచ్చింది. గుర్తింపు వచ్చింది కదా అని మంగతాయారుకి డాక్టరు గారు మలేరియా మందులిచ్చారు. వారం తిరగకుండా ఆవిడ లేచి మిషను తొక్కడం మొదలుపెట్టింది. పరాంకుశరావు గారి దగ్గరినుంచి షోకాజు నోటీసు వచ్చింది. గుర్తింపు పొందిన సంస్థను విద్యాసంవత్సరం మధ్యలో, ముందస్తు అనుమతి లేకుండా మూసివేయడం నిబంధనలకు విరుద్ధం. జ్వరము ఏ కారణమున తగ్గినదో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.

మంగతాయారు పరుగున వచ్చి నా చేత జవాబు రాయించుకుంది. ‘అయ్యా, మందులు వేసుకున్నాను. తప్పయిపోయింది. ఇకముందు ఇలా జరగదు.’

ఆ నోటీసు కాపీ డాక్టరు గారికీ వచ్చింది. ఆవిడ పేరు పక్కన ‘మూసివేతకు సహకరించిన అధికారి’ అని ఉంది. ఆవిడ అది చదివి పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆగిపోయి, “కామేశం గారూ, వీర్రాజు ఇవాళ వచ్చాడా?” అన్నారు.

వచ్చాడు. అది పదమూడో రోజు. ఎస్తేరమ్మ గారు కట్టు విప్పగానే గదంతా వాసన వేసింది. పుండు అంచులు నల్లబడ్డాయి. పాదం ఎర్రగా ఉబ్బింది. డాక్టరు గారు మోకాళ్ల మీద కూర్చుని లైటు వేసి చాలాసేపు చూశారు. వీర్రాజు పైకప్పు వంక చూస్తూ ఈలపాట పాడుతున్నాడు. అతనికి నొప్పి లేదు.

“ఇంకో వారం ఇలాగే ఉంటే ఎముక దాకా పోతుంది,” అన్నారు ఆవిడ. పళ్లాలమ్మ కోసం గొంతు తగ్గించారు కానీ ఆ గది చాలా చిన్నది. “అప్పుడు వేళ్లు తియ్యాలి. ఒక్కోసారి పాదం.”

వీర్రాజు ఈల ఆపాడు. “ఒంటికాలుతో సెట్టెక్కొచ్చాండీ?” అని అడిగాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. ఆడటం లేదు. నిజంగానే లెక్క వేసుకుంటున్నాడు.

ఆ రోజు పరాంకుశరావు గారు నిర్వహణ సమావేశానికి వచ్చి ఉన్నారు. గుర్తింపు పొందిన వ్యాధుల నిర్వహణ కమిటీలు నెలకోసారి సమావేశమవ్వాలి. వ్యాధిని ఇంకా బాగా ఎలా నిర్వహించాలో చర్చించాలి. వరండాలో దగ్గు కమిటీ దగ్గుతూ మినిట్సు రాస్తోంది. డాక్టరు గారు చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికొచ్చారు.

“సార్, మీరొకసారి లోపలికొచ్చి ఆ కాలు చూడండి.”

ఆయన గుమ్మం దాకా వచ్చారు. చూశారు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకున్నారు. చెడ్డ మనిషి కాదు. మొహం పాలిపోయింది. “పాపం,” అన్నారు. “నాకు మాత్రం మనసు లేదా డాక్టరమ్మా? కానీ చెరకు విభాగం నుంచి ఫైలు రాలేదే. గుర్తింపు లేదే. నేనేం చెయ్యను?”

“మందివ్వనివ్వండి. ఒక్క సంతకం చాలు.”

“గుర్తింపు లేనిదానికి నా చేత్తో మందు ఇప్పించమంటారా? ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క మచ్చ లేదు నాకు.”

అప్పుడు లోపల మొగుడి కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పళ్లాలమ్మ, తల ఎత్తకుండానే అడిగింది.

“బాబుగారూ, ఓ మాట అడగొచ్చాండీ? ఇదివరకు మీరు బళ్లు సూసీవోరంట కదండీ. గుర్తింపు లేని బడి కనపడితే ఏం జేసీవోరండీ?”

పరాంకుశరావు గారి వెన్ను నిటారైంది. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి చాలా రోజులైనట్టుంది. “మూయించేవాణ్ణి!” అన్నారు. “క్షణం ఆలస్యం చేసేవాణ్ణి కాదు. ఉదయం నోటీసు, సాయంత్రం తాళం. ఆ తర్వాత రోజూ తనిఖీ, దొంగచాటుగా మళ్లీ తెరుచుకుంటుందేమోనని. నా పేరు చెబితే గుర్తింపు లేని బళ్లు గజగజలాడేవి.”

“మరి ఈయన సుగరుకి గుర్తింపు లేదు కదండీ,” అంది పళ్లాలమ్మ. “నాలుగేళ్ల బట్టి దొంగతనంగా నడుత్తాందంట. డాక్టరమ్మగోరే సెప్పేరు. పదమూడ్రోజుల్నించి మీరు రోజూ ఇటే ఎల్తా, సూసి కూడా ఒగ్గేత్తన్నారు. ముయ్యించరేటండీ?”

వరండాలో దగ్గు ఆగిపోయింది.

ఆయన ముఖంలో రంగులు మారాయి. ముందు కోపం వచ్చింది, తరవాత ఆలోచన, ఆ తరవాత భయం. నాలుగేళ్లుగా నడుస్తున్న ఒక అనధికార వ్యాధి తన కళ్ల ముందు, తన హయాంలో, ఇంకా నడుస్తోంది. ఎవరైనా పైకి ఒక్క అర్జీ పెడితే? “రికార్డు తియ్యి!” అని గుమస్తా మీద అరిచారు. గుమస్తా చేతిలో ఫైళ్లన్నీ కింద పడ్డాయి. “మూసివేత ఉత్తర్వు రాసుకో! ‘గుర్తింపు లేకుండా దింపు కార్మికుడు వీర్రాజు శరీరమున అక్రమముగా నడుపబడుచున్న సుగరు అను వ్యాధిని తక్షణము మూసివేయవలసినదిగా…’ మూసివేసే అధికారం ఎవరిది? క్షేత్రస్థాయి అధికారిది. అంటే డాక్టరమ్మా, మీదే! దేనితో మూస్తారు?”

“మెట్‌ఫార్మిన్‌తో, సార్,” అన్నారు డాక్టరు గారు. “మొదట్లో ఇన్సులిన్ కూడా కావాలి. పుండుకి యాంటీబయాటిక్.”

“రాసుకో. ‘మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ అను రెండు తాళములతో.’ తాళాలు ఎన్నాళ్లుంచాలి?”

“సుగరుకి జీవితాంతం సార్.”

“భేష్! అదీ మూసివేత అంటే!” అన్నారాయన. కలం గుంజుకుని సంతకం పెట్టారు. ముద్ర వేసిన కవరు గుమస్తా నా కిటికీ దగ్గర చించాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నో మందులిచ్చాను కానీ పరుగెత్తుకుంటూ వెళ్లి ఇచ్చింది ఆ రోజే.

ఆ కబురు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. గుర్తింపు ఉన్న జబ్బు తగ్గితే నోటీసు, గుర్తింపు లేని జబ్బయితే వెంటనే వైద్యం. మర్నాడు పొద్దున కేంద్రం తెరిచేసరికి వరస రోడ్డు దాకా ఉంది. అందరి చేతుల్లోనూ ధ్రువపత్రాలు. వెనక్కిచ్చేస్తామంటున్నారు. గజ్జి కమిటీ మూకుమ్మడిగా రాజీనామా చేసింది. ఎస్తేరమ్మ గారు పంపిన కళ్లెలో టీబీ తేలడంతో, సూరన్న తాత దగ్గుకి గుర్తింపు రద్దు చేసి ఆ మధ్యాహ్నమే మూసివేత మొదలుపెట్టాం. తాత చుట్టల కట్ట కూడా నోటీసు కింద జప్తు అయింది.

భద్రయ్య గారు అందరికంటే చివర వచ్చారు. ఫ్రేము గుండెకి హత్తుకుని నిలబడ్డారు. “శాశ్వత గుర్తింపు అమ్మా ఇది,” అన్నారు. “మా ఇంటిముందు బోర్డు కూడా ఉంది.”

“ఆ బీపీ ఇలాగే ఉంటే పక్షవాతం రావచ్చండీ,” అన్నారు డాక్టరు గారు మెల్లగా. “బోర్డు ఉంటుంది. మీ కుడిచెయ్యి పనిచెయ్యదు.”

ఆయన చాలాసేపు ఆ ఫ్రేము వంకే చూశారు. కాగితం బయటికి లాగి బల్లమీద పెట్టారు. అద్దం, చెక్క మాత్రం సంచిలో వేసుకున్నారు. “మా ఆవిడ ఫొటో పెట్టుకుంటాలెండి,” అని చొక్కా చెయ్యి పైకి మడిచారు.

రెండు నెలల్లో వీర్రాజు పుండు పూడిపోయింది. మళ్లీ తెరుచుకోకుండా రోజువారీ తనిఖీ ఉండాలని ఉత్తర్వులో ఉంది కనుక ఎస్తేరమ్మ గారు సర్కారు ఖాతాలోనే వాళ్లింటికి వెళ్లి కట్టు మార్చేవారు. వేళ్లన్నీ దక్కాయి. ఉత్త కాళ్లతో నడవకూడదని డాక్టరు గారు చెబితే, చెప్పులేసుకుని చెట్టెలా ఎక్కడమని వీర్రాజు వాదించాడు. చివరికి చెట్టు మొదట్లో చెప్పులు విడిచి, దిగగానే తొడుక్కుని, ఇంటికొచ్చాక పళ్లాలమ్మకి రెండు అరికాళ్లూ చూపించే ఒప్పందం కుదిరింది. ఆవిడ దీపం పట్టుకుని మరీ చూసేది.

జిల్లాలో మూసివేతలు నాలుగు వేలు దాటాయి. రాష్ట్రంలో మొదటి స్థానం. పరాంకుశరావు గారికి శాలువా కప్పారు. ఆయన సంతోషం పట్టలేక, పక్క జిల్లాల అధికారుల్ని పదకొండు మందిని వెంటబెట్టుకుని మా కేంద్రానికి వచ్చారు. మా విధానం స్వయంగా చూపించాలని.

పదకొండు మందీ నోటుబుక్కులు తెరిచి డాక్టరు గారి గదిలో గోడల వెంట నిలబడ్డారు. డాక్టరు గారు ఒక ముసలావిడని కూర్చోబెట్టి, “ఏమ్మా, ఏంటి ఇబ్బంది?” అని అడిగారు.

“రోగినే నేరుగా అడిగేస్తారా?” అన్నాడొకాయన ఆశ్చర్యపోయి.

“అవునండీ.”

రాసుకున్నారు. ఆవిడ చెప్పింది. డాక్టరు గారు విన్నారు. గొట్టం పెట్టి చూశారు. మందు రాశారు. పదకొండు కలాలూ బరబరా కదిలాయి.

“ఇంత సులువైన పద్ధతి ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదో!” అని ఇంకొకావిడ నిట్టూర్చింది. ఈ వినూత్న ప్రయోగాన్ని మొదట ఎంపిక చేసిన కొన్ని రోగాలమీద అమలుపరచాలని అక్కడే తీర్మానించుకున్నారు. టీ తాగి జీపులెక్కారు.

పరాంకుశరావు గారు మాత్రం ఎక్కలేదు. గుమస్తాని ముందు పొమ్మన్నారు. గుమ్మం దగ్గర అటూ ఇటూ నడిచారు. వరండాలో ఎవరూ లేరని చూసుకుని లోపలికొచ్చారు.

“డాక్టరమ్మా,” అన్నారు. ఉత్తర్వులు చదివే గొంతు కాదది. “ఇది అధికారికం కాదు. పది రోజులుగా నాకు… ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. దరఖాస్తు ఏమైనా పెట్టాలా?”

“అక్కర్లేదు సార్,” అన్నారు డాక్టరు గారు. కళ్లజోడు సర్దుకుని, మెత్తదిండు ఉన్న కుర్చీ ముందుకు లాగారు. “కూర్చుని చెప్పండి.”

ఆయన కుర్చీ వంక చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అదేనమ్మా జబ్బు,” అన్నారు. “కూర్చోలేను.”

నేను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేశాను.